గండికి బలి అనుకున్నారు

పెద్ద చెరువు కట్టకు గండి పడితే దాన్ని పూడ్చడానికి రాయీ మట్టీ చాలవనీ, ఒక పసిప్రాణం కూడా కావాలనీ మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరికి ఎలా తెలుసో మాత్రం ఎవరూ చెప్పలేరు. నేను ఆదిభట్ల నుంచి ఇబ్రహీంపట్నానికి కోడలిగా వచ్చిన కొత్తలో, నిజాం సర్కారు నడుస్తున్న రోజుల్లో, ఒక వానాకాలం ఆ కట్టకు నిజంగానే గండి పడింది. ఎండలు ముదిరే సరికి గుత్తేదారు వడ్డెరలను పిలిపించాడు. రాళ్ళు కొట్టి, మట్టి తవ్వి, గాడిదల మీద మోసే ఆ మనుషులు పిల్లాజెల్లాతో వచ్చి కట్ట కింద గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళు దిగిన రోజు నుంచి మా ఊరి తల్లులకు కంటి మీద కునుకు లేదు.

మా అత్త అయితే వాకిట్లో ఆడుకునే పిల్లలందరినీ వరుసగా కూర్చోబెట్టి మరీ చెప్పేది.

"వడ్డెరోళ్ళ గుడిసెల దిక్కు పోయిండ్రంటే గోనెసంచిల ఏసుకపోయి గండిల పెడ్తరు. మీదికెళ్ళి మన్ను పోస్తరు. ఎర్కనా?"

"ఎర్కే పెద్దమ్మా!" అని పిల్లలు ఒక్క గొంతుతో అరిచేవాళ్ళు.

"గాళ్ళకు పిల్లలు లేరా అత్తా? బలి కావాల్నంటే ఇంత దూరం ఎతుక్కుంటరా?" అని నేను ఒకసారి నోరు జారాను. "ఆదిభట్లల నీకు మాటలు నేర్పిండ్రు గని బుద్ధి నేర్పలే" అని కసిరింది. మా అత్త నోరు అలాంటిది. మీసాలు ఎంత మెలేసినా మా మామగారు కూడా ఆ నోటికి జంకేవాడు. మాది మరీ పెద్ద దొరల ఇల్లు కాదు. సొంత కమతం ఉన్న కాపుదనం. మామగారు ఊరి పెద్దమనుషుల్లో ఒకడు కాబట్టి చావడిలో ఆయన మాటకు విలువ ఉండేది.

మా వాకిట్లో ఆడుకునే పిల్లల్లో ఒకతె చేపలు పట్టే ఇంటి పిల్ల. ఏడెనిమిదేళ్ళు ఉంటాయేమో. తల్లి చేపల గంప నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగి వచ్చేదాకా ఆ పిల్ల మా ఇంట్లోనే ఉండేది. పల్లికాయలు ఒలిచి పెట్టేది, ఒలిచినవాటిలో సగం తినేది. మాట్లాడటం మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. కోడి గుడ్డు పెడితే కోడికంటే ముందు ఈ పిల్లే అరుస్తుందని మేము నవ్వుకునేవాళ్ళం. ఆమెకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. ఈమె దక్కిందని తల్లి వెండి కడియాలు చేయించి కాళ్ళకు వేసింది. అవి లేకుండా ఆ పిల్లను నేను ఎన్నడూ చూడలేదు.

ఇంకొక మనిషిని గురించి చెప్పాలి. మా అత్త తమ్ముడు. వాళ్ళమ్మ అతన్ని కని కన్ను మూస్తే అప్పటికే ఒళ్ళో నా భర్త ఉన్న మా అత్త ఇద్దరికీ పాలిచ్చి పెంచింది. "అరణంగ ఒక ఆవు, ఒక బామ్మర్ది వచ్చిండ్రు, ఆవు సచ్చిపోయింది" అని మామగారు వేళాకోళం చేసేవాడు. పని దొంగే అయినా మనిషి సరదాగా ఉండేవాడు. రుమాలు కొంగున పుట్నాలూ బెల్లమూ కట్టుకొచ్చి పిల్లలకు పంచేవాడు. అతను వాకిట్లో అడుగు పెడితే "మామా, మామా" అని కాళ్ళకు చుట్టుకునేవాళ్ళు. పత్తాలాట, అంటే పేకాట, పిచ్చి ఒక్కటే అతనికున్న జబ్బు అనుకునేవాళ్ళం. నిజం చెప్పాలంటే నాకూ అతనంటే ఇష్టమే.

ఆ రోజు పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడు పిల్లలంతా నీడపట్టున నిద్రపోయారు. మేమూ కునుకు తీసి లేచి చూస్తే చేపలమ్మే ఆమె బిడ్డ లేదు. ఇంటికి పోయిందనుకున్నాం. సాయంత్రం తల్లి ఖాళీ గంపతో వచ్చి "నా బిడ్డేది అక్కా?" అని మా అత్తను అడిగే దాకా మాకు గాబరా పుట్టలేదు.

ఆ తర్వాత ఊరు ఎలా లేచిందో నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఎవరూ బావి దగ్గర వెతకలేదు, తోటల్లో వెతకలేదు. అందరూ తిన్నగా కట్ట మీదికే ఉరికారు. అందరికంటే ముందు మా అత్త తమ్ముడు. "గండికాడ సూడుండ్రి! గండికాడ!" అని అరుస్తూ పోతున్నాడు. గండి అడుగున కొత్తగా పేర్చిన రాళ్ళ మీద నెత్తురు ఉంది. పసుపు, కుంకుమ, కోసిన నిమ్మకాయలు ఉన్నాయి. ఇక ఊరికి ఇంకేం కావాలి? ఆ పొద్దున వడ్డెరలు పునాది రాయి వేసి కట్టమైసమ్మకు కోడిని కోశారు. ఆ మాట వాళ్ళు మొత్తుకొని చెప్పారు. కోడి ఈకలు చూపించారు. కోసిన పడుచువాడి చేతులకు ఇంకా నెత్తురు మరక ఉంది. ఆ చేతులే వాడి కొంప ముంచాయి. మా ఇంట్లోనూ ఏటా అదే మైసమ్మకు యాటను, అంటే మేకపోతును, కోస్తారు. మా నెత్తురు మొక్కు, వాళ్ళ నెత్తురు హత్య.

వాణ్ణి కొడుతుండగానే ఒక గొర్రెల కాపరి ఆయాసంతో ఉరికొచ్చాడు. సీతాఫలం పొదల అవతలి పాడుబడ్డ బావిలో మూలుగు వినబడుతోందన్నాడు. మగవాళ్ళు మోకులు కట్టుకొని దిగారు. పిల్ల బతికే ఉంది. అడుగున బురద ఉండబట్టి ప్రాణం దక్కింది. తల పగిలింది. చీలమండల దగ్గర చర్మం ఊడివచ్చింది. కడియాలు లేవు.

బిడ్డ దొరికింది కదా, ఇక ఆగుతారని నేను అనుకున్నాను. ఆగలేదు. బలి ఇవ్వబోతే తప్పించుకుందనీ, పరిగెత్తి బావిలో పడిందనీ ఎవరో అన్నారు. దాంతో అప్పటి దాకా పక్కన నిలబడ్డవాళ్ళు కూడా రాళ్ళు తీసుకున్నారు. ఆ వడ్డెర పడుచువాడి కుడి మణికట్టు విరిగింది. మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అంటారు. వాడు మెత్తనివాడు కూడా కాదు, ఊరు కానివాడు, అంతే. చావడి రాతి స్తంభానికి కట్టేశారు. ఠాణా పెద్ద అయిన అమీను హైదరాబాదు పోయి ఉన్నాడు, వచ్చేదాకా అలాగే ఉంచాలని పెద్దలు తీర్మానించారు. ఆ తీర్మానం చేసినవాళ్ళలో మా మామగారు ఒకడు.

దవాఖానలో పిల్ల తలకు కట్టు కట్టారు. మా అత్త ఆ పిల్ల కాళ్ళు తానే కడిగింది. ఇంటికి వచ్చాక మామగారు మీసం దువ్వుకుంటూ చావడి కబుర్లు చెబుతుంటే మధ్యలో ఆపింది.

"మైసమ్మకు యాటను గొట్టేముందు మనమేం జేస్తం? మెడల దండ ఏస్తం, పసుపు రాస్తం. బలికి పోయే జీవాన్ని సింగారిస్తరా, ఊడదీస్తరా?"

"ఏందే నీ మాట?"

"పిల్లను బలి ఇచ్చెటోడైతే కొత్త బట్ట కట్టి, లేని సొమ్ము కూడ పెడ్తడు. కాళ్ళ తోలు ఊడేటట్టు కడియాలు గుంజెటోడు బలి ఇయ్యడు. గది దొంగతనం."

"అయితే గా వడ్డెరోడే దొంగ."

"గుడిసెలన్ని బోర్లేసి ఎతికిండ్రు గద. దొరికినయా?"

మామగారు మీసం మీది చెయ్యి తీసేశాడు. "ఊరోడే ఎవడో" అన్నది మా అత్త. "నోరు మూస్కో" అన్నాడు ఆయన. కోపంతో కాదు, భయంతో అన్నాడు. వడ్డెరవాడైతే అందరమూ ఒక పక్క. ఊరివాడు అన్న మరుక్షణం ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో తెలియదు. అందుకే ఆ మాట ఎవరికీ పనికిరాలేదు.

పిల్ల మాట్లాడలేదు. అంత వసపిట్ట నోరు మూతపడిపోయింది. తాయెత్తు కట్టారు, దిష్టి తీశారు, ఊదు పొగ వేశారు. కళ్ళు తెరిచి పైకప్పు చూస్తూ పడుకునేది. చావడి పెద్దలు దానికీ ఒక ఉపాయం ఆలోచించారు. అమీను రాగానే పిల్లను తెచ్చి వడ్డెరవాడి ముందు నిలబెడతారు. ఆమె నోరు తెరవక్కరలేదు, తల ఊపితే చాలు. తల ఊపమని ముందే చెప్పి పెట్టాలి. పిల్ల తండ్రి సరేనన్నాడు. తల్లి మాత్రం వాకిలికి అడ్డంగా నిలబడింది.

"నా బిడ్డకు ఎవడు జేసిండో నా బిడ్డకే ఎర్క. దాని నోట్లె మీ మాట పెట్టకుండ్రి."

"పిచ్చిదానా, నీ బిడ్డకు నాయం జేస్తానికే గద!" అన్నారు పెద్దలు.

"అబద్ధం జెప్పిపిచ్చి జేసేది నాయమా? రేపు అసలోడు మళ్ళ వస్తే?"

అయినా వాళ్ళ తీర్మానం మారలేదు. ఆడదాని మాట అని కొట్టిపారేశారు. నేను మగవాణ్ణై ఉంటే ఆ పూట చావడి గుంజలు పీకి ఉండేదాన్ని.

మర్నాడు మా అత్తా నేనూ పాలు తీసుకొని వాళ్ళింటికి పోయాం. తల్లి పొయ్యి దగ్గర ఉంది. మా అత్త పెరట్లో పసుపు నూరుతోంది. నేను పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకొని చెంచాతో పాలు పోస్తున్నాను. అప్పటికి నాలుగు గుక్కలు మింగింది, వేళ్ళతో నా గాజులు తడుముతోంది. కొంచెం తేరుకుంటోందని సంబరపడ్డాను. ఇంతలో వాకిలి అవతల నుంచి మా అత్త తమ్ముడి గొంతు వినబడింది.

"పిల్ల లేసిందా? ఏమన్న చెప్పిందా?"

ఆ పిల్ల ఒళ్ళంతా ఒక్కసారి బిగుసుకుపోయింది. మింగిన పాలు బయటికి వచ్చాయి. నా తొడ మీద వెచ్చగా తడి తగిలింది. ఉచ్చ పోసుకుంది. రెండు చేతులతో నా రవిక పట్టుకొని మొహం నా పొట్టలో దాచుకుంది. ఎముకలు కూడా వణుకుతున్నాయి. అతను వాకిట్లో నిలబడి ఇంకేదో అడుగుతున్నాడు. అయ్యో, ఎంత ప్రేమ, పూటకోసారి వచ్చి అడిగి పోతున్నాడు అని పక్కింటివాళ్ళు మెచ్చుకుంటున్నారు. అతని గొంతు దూరమయ్యేదాకా పిల్ల నన్ను వదలలేదు.

నేను కొత్త కోడలిని. అత్త పాలిచ్చి పెంచిన తమ్ముడి మీద నింద. చెబితే నా గతి ఏమిటో నాకు తెలుసు. అయినా ఆ తడి చీరతో ఇంటికి నడుస్తుంటే ఊరుకోవడం నా వల్ల కాలేదు. దారిలోనే చెప్పేశాను. మా అత్త నడక ఆపలేదు, నా వైపు చూడలేదు. "గీ మాట ఇంకోపారి నీ నోట్లకెళ్ళి రావద్దు" అన్నది. నా భర్తతో చెబితే, "మా అమ్మతోటి నువ్వే మాట్లాడు" అని ఎడ్లకు మేత వేయడానికి పోయాడు. ఆయన మంచివాడే. మంచితనం తప్ప ఇంకేమీ లేనివాడు.

తెల్లారి మా అత్త తమ్ముడు జొన్న గటక తింటున్నాడు. మా అత్త ఎదురుగా పీట వేసుకొని కూర్చుంది. నేను మజ్జిగ పోస్తున్నాను.

"గా పిల్ల సంగతి నీకేం ఎర్కలేదని గటక ముట్టి చెప్పు" అన్నది.

"గీ గటక సాచ్చిగ నాకేం ఎర్కలేదక్కా" అని వెంటనే అనేసి, అదే చేత్తో ముద్ద కలిపాడు.

తిని పోయాడు. అన్నం ముట్టి ఒట్టేశాడు కదా, నేనే తప్పుగా అనుకున్నానేమో అని నాకు అనుమానం వచ్చింది. ఆ ఒట్టు మాకు చిన్నది కాదు. తిండి మీద అబద్ధం ఆడితే మళ్ళీ మెతుకు పుట్టదని నమ్మేవాళ్ళం. మా అత్త మాత్రం అతను తిన్న పళ్ళెం వైపు చూస్తూ అలాగే కూర్చుంది.

"నన్ను ఎందుకు అడుగుతున్నవ్ అని అడగలే వాడు. సూసినవా?" అన్నది నాతో. "చిన్నప్పుడు వెన్న తినలేదంటే తినకపోయినప్పుడు కుండలు పలగ్గొట్టెటోడు, నన్నే అంటవా అని. తిన్నప్పుడే ఒట్లు పెట్టెటోడు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం విన్నాను గానీ, కోపం రావాల్సిన చోట రాకపోవడమే అసలు సాక్ష్యమని నాకు అప్పటిదాకా తెలియదు. ఆమెకు తెలుసు. పెంచిన మనిషికి కాక ఎవరికి తెలుస్తుంది?

అమీను ఊళ్ళోకి వచ్చాడన్న కబురు తెచ్చిన మామగారికి ఆమె వాకిట్లోనే ఎదురుపోయింది. నేను తలుపు చాటున ఉన్నాను. విషయం చెప్పింది. మామగారు అరుగు మీద కూలబడ్డాడు. ఆమె అబద్ధం చెబుతోందని ఒక్క మాట కూడా అనలేదు. దాన్ని బట్టి ఆయనకూ లోలోపల ఏదో తెలుసనిపించింది.

"నీ పాలు తాగినోన్ని జైల్ల పెట్టిపిస్తవా?" అన్నాడు.

"నా పాలు తాగినోడే. గందుకే నాకు ఎర్కైంది."

"గా వడ్డెరోడు ఇయ్యాల ఉండి రేపు పోయెటోడు. ఆడెవడో మనమెవరమో. ఊరంత ఒక్క మాట మీద ఉన్నది, నువ్వెందుకు ఎనక్కి తిప్పుతవ్?"

"ఆనికి పెండ్లాం ఉన్నది, పిల్లలున్నరు. చావడి ముంగట ఎండల కూసున్నరు. నేను సూసొచ్చిన."

"మన ఇంటి పరువు?"

"పరువు గా పాడుబడ్డ బాయిల పడ్డది. పోయి తెచ్చుకో."

ఆమె కొంగు నెత్తిన కప్పుకొని చేపలు పట్టేవాళ్ళ వాడకు నడిచింది. వెనక నేను. వాళ్ళింట్లో ఎన్నడూ అరుగు దాటి లోపల కూర్చోని మనిషి, ఆ రోజు నేల మీద చతికిలబడింది.

"చావడికి పిల్లను తీసుకరా" అన్నది. "పోయే దాక వాకిట్లకు ఎవ్వల్ని రానియ్యకు. మా ఇంటోళ్ళనైనా సరే."

పిల్ల తల్లి చేతిలోని చేట జారింది. "మీ ఇంటోళ్ళా?" అన్నది.

"అవ్."

తిడుతుందని నేను ఎదురుచూశాను. తిట్టినా తప్పు లేదు. ఆమె మా అత్తకు ఎదురుగా కూర్చుంది.

"నువ్వే చెప్పొచ్చు గద అక్కా అమీనుకు. నా బిడ్డనెందుకు నలుగుట్ల నిలబెడ్తవ్?"

"నేను కండ్లతోటి సూడలే. నేను చెప్తే అక్కాతమ్ముల కొట్లాట అంటరు, ఇడిసిపెడ్తరు. దాని నోరు తెర్సుకోవాలె. గప్పుడే గా వడ్డెరోని కట్లు ఊడ్తయి, నీ బిడ్డ భయం పోతది."

"సభల నీ మాట తిరగదు గద?"

"పిల్ల పక్కన కూసుంట. అయిందాక లేవ."

చావడి ముందు ఊరు ఊరంతా ఉంది. అమీను కుర్చీలో, పక్కన గుమస్తా కాగితాలతో. వడ్డెరవాడు స్తంభానికి జారగిలబడి ఉన్నాడు. విరిగిన చెయ్యి వాచి నల్లబడింది. పెద్దమనుషుల వెనక, ముందు వరుసలోనే, మా అత్త తమ్ముడు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఆడవాళ్ళు దూరంగా గోడవారన ఉండాల్సింది. మా అత్త పిల్ల చెయ్యి పట్టుకొని మగవాళ్ళ మధ్య నుంచి నడిచి అమీను కాళ్ళ ముందు నేల మీద కూర్చుంది. పిల్ల తల్లి ఇంకో పక్క. నేను వెనక. మామగారు తల దించుకున్నాడు గానీ ఆపలేదు. అది ఆయన గొప్పతనమో పిరికితనమో నేను తేల్చుకోలేకపోయాను.

"డరో మత్ బేటీ, భయపడకు" అన్నాడు అమీను. "ఈనేనా?"

పిల్ల వడ్డెరవాడి వైపు చూసింది. అతని చెయ్యి చూసింది. కదలలేదు.

"తల ఊపు బిడ్డా, ఊపు" అన్నాడు ఒక పెద్దమనిషి. ఇంకొకరు, ఇంకొకరు. ఊపు ఊపు అని చుట్టూ గొంతులు. వాటి మధ్య నుంచి మా అత్త తమ్ముడు ముందుకు వంగి, ఎంతో ముద్దుగా, "గీడే గద బిడ్డా, చెప్పు, మేమున్నం గద" అన్నాడు.

పిల్ల ముడుచుకుపోయింది. వెనక నుంచి నాకు ఆమె భుజాలు అదరడం కనబడుతోంది. ఆ క్షణంలో తల ఊపేస్తుందనే అనుకున్నాను. భయంతో ఊపేస్తుంది, వడ్డెరవాణ్ణి తీసుకుపోతారు, ఇతను పుట్నాలు కట్టుకొని మళ్ళీ మా వాకిట్లోకి వస్తాడు.

మా అత్త కొంగు తీసింది. చెయ్యి చాచి తమ్ముడికీ పిల్లకూ మధ్య తెరలా పట్టింది. నలుగురు మగవాళ్ళ ముందు ఆమె తల మీద కొంగు లేకుండా ఉండటం నేను చూడటం అదే మొదలు.

"ఇటు సూడు బిడ్డా. గీ కొంగు దాటి నిన్నెవ్వడు ముట్టడు. నా తమ్ముడైనా ముట్టడు. ఎవడు జేసిండో వాని పేరు చెప్పు."

ఆ పిల్ల గొంతు పొడిబారిపోయి, ముసలిదాని గొంతులా వచ్చింది.

"మామ. కడియాలు మామ గుంజిండు. వస్తలేవు. నేను ఏడ్సిన. అమ్మకు చెప్త అన్న. బాయిల పడేసిండు."

అతను ఉరకబోయాడు. నాలుగడుగులు కూడా వేయలేదు, పట్టుకున్నారు. పట్టుకున్నవాళ్ళు మొన్న వడ్డెరవాణ్ణి పట్టుకున్నవాళ్ళే. అవే రాళ్ళు, అవే అరుపులు. వాణ్ణి చంపేయండి అన్న గొంతు కూడా అదే. మా అత్త లేవలేదు, అన్నమాట ప్రకారం పిల్ల పక్కనే కూర్చొని, ఊరంతా వినబడేలా అరిచింది.

"కొట్టకుండ్రి! మొన్న గిట్లనే కొట్టిండ్రు. మీ చేతులకు సిగ్గు లేదా?"

నా జన్మలో అంతమంది మగవాళ్ళు ఒక్కసారి చేతులు దించడం నేను చూడలేదు. అమీను జవాన్లు వాణ్ణి పక్కకు లాగారు. కడియాలు మా పెరట్లోని గడ్డివాములో ఉన్నాయని వాడే చూపించాడు. తర్వాత జైలు పడింది. అక్కడే జబ్బు చేసి పోయాడని ఎన్నాళ్ళకో కబురు వచ్చింది. మా అత్త ఆ రోజు స్నానం చేసి గొడ్ల కొట్టంలో పని చేసుకుంది. ఎవరినీ ఓదార్చనివ్వలేదు.

వడ్డెరవాడి కట్లు విప్పడానికి కట్టినవాళ్ళెవరూ ముందుకు రాలేదు. అతని పెండ్లామే వచ్చి ముడి రాక పళ్ళతో లాగి విప్పింది. చెయ్యి వంకరగానే అతికిందని విన్నాను. మా అత్త బియ్యమూ బెల్లమూ పట్టుకొని గుడిసెల దగ్గరికి పోతే, ఎవరూ తిట్టలేదు, ఎవరూ పలకరించలేదు, మూట ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది. వారం తిరక్కుండానే వాళ్ళు గాడిదల మీద సామాను వేసుకొని నాదర్‌గుల్ దిక్కుగా పోయారు. ఊరు తరఫున తప్పయిందని ఒక్క పెద్దమనిషి అనలేదు. పైగా, మా ఊళ్ళో అన్యాయం దాగదు అని తర్వాత చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. వింటే నాకు ఒళ్ళు మండేది.

కానీ ఆ రోజు చావడిలో అసలు చివరి మాట నేనింకా చెప్పలేదు. మా అత్త తమ్ముణ్ణి తీసుకుపోయాక, గుమస్తా వాంగ్మూలం రాసుకుంటుంటే, అమీను పిల్లను ఇంకొక్క ప్రశ్న అడిగాడు. కాగితం మీద ఉండాలి కాబట్టి అడిగాడు, తిట్టడానికి కాదు.

"అంత ఎండల ఊరి బయటికి ఆని ఎంబడి ఎందుకు పోయినవ్ బేటీ?"

పిల్ల మా అత్త వైపు తిరిగింది. తప్పు చేశానేమో అన్నట్టు చూసింది.

"వడ్డెరోళ్ళ దిక్కు పోవద్దని పెద్దమ్మ రోజు చెప్పింది. నేను పోలే" అన్నది. "మామ పిలిస్తే పోవద్దని చెప్పలే."

గుమస్తా రాయడం ఆపాడు. పిల్ల ఇంకా మా అత్త జవాబు కోసమే చూస్తోంది.

"అవ్ బిడ్డా" అన్నది మా అత్త. "చెప్పలే."